ఫోన్లో వడ్డన

మా ఆయన సర్వరు. పన్నెండు టేబుళ్ల హోటల్లో పంతొమ్మిదేళ్లుగా వడ్డిస్తున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క గ్లాసు పగలగొట్టలేదు, ఒక్కసారి జీతం పెంచమని అడగలేదు. మొదటిది ఆయన గొప్ప. రెండోది నా ఖర్మ.

పనిలో చేరిన రోజున ఓనరు ఒక లెక్క చెప్పాడట. "చూడవయ్యా, పావు జీతం నేనిస్తా. ముప్పావు కస్టమర్లు టిప్పుల రూపంలో ఇస్తారు. బాగా చేశావంటే ఆ ముప్పావు కాస్తా రెండింతలవుతుంది." మా ఆయన ఆ మాటకి సంబరపడిపోయి ఇంటికొచ్చి నాకు చెప్పాడు. అప్పటికి మాకు పెళ్లయి నెల. నేనూ సంబరపడ్డాను. కొత్త కాపురంలో మనిషికి లెక్కలు రావు.

టిప్పుల విషయంలో మా ఆయనకో నియమం ఉంది. టిప్పు అడగకూడదు. అడగబోతున్నట్టు కూడా కనపడకూడదు. కస్టమరు గుమ్మం దాటేదాకా, బిల్లు పెట్టి ఇచ్చే నల్ల ఫోల్డరు తెరిచి చూడకూడదు. ఎవరు పెట్టారండీ ఈ నియమం అంటే, తనకు పని నేర్పిన ముసలి సర్వరు అంటాడు. ఆ పెద్దాయన పోయి పదేళ్లయింది. ఆయన నియమం మాత్రం మా ఇంట్లో అద్దె కట్టకుండా కాపురముంటోంది.

అలా కాలం గడుస్తుండగా అంటురోగం వచ్చిపడింది. ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి. హోటల్లో కుర్చీలు బల్లలెక్కి తలకిందులుగా కూర్చున్నాయి. వంట మాస్టరు లోపల వండితే, డెలివరీ వాళ్లు గుమ్మం బయటినుంచే సంచులు పట్టుకుపోయేవారు. ఓనరు మా ఆయన్ని పిలిచి, "నీ జీతం ఆపను. నేనిచ్చేది నేనిస్తూనే ఉంటా" అన్నాడు. ఆయనిచ్చేది పావు. మిగతా ముప్పావు ఎవరిస్తారు, కుర్చీలిస్తాయా? ఈ మాట నేను ఇంట్లో అడిగాను. హోటల్లో అడగాల్సిన మనిషి, "పాపం, ఆయనకీ కష్టంగానే ఉంది" అని ఓనరు మీద జాలిపడుతూ కూర్చున్నాడు.

రెండు వారాలు పార్సిళ్లకు టేపు అంటించాక, "ఇంక నువ్వు ఇంట్లోనే ఉండు, అవసరమైతే పిలుస్తా" అన్నాడు ఓనరు. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య ఫోను చేశాడు. అన్నయ్య ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. అట్టపెట్టెలు సర్దే పని ఖాళీగా ఉందట. నెల తిరిగేసరికి పూర్తి జీతం, అంతా ఒకే చేతి మీదుగా. "వచ్చే నెల ఒకటో తారీఖు సోమవారం. ఆ రోజు పొద్దున బావగారు వచ్చి చేరాలి. లేకపోతే ఇంకొకళ్లని పెట్టుకుంటారు" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. మా ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "అట్టపెట్టెలకి వడ్డించేదేముంటుందే?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూస్తే, తిట్టడానికి నోరు రాలేదు. ఆయనకి వేరే పని రాదని కాదు. వేరే పనిలో ఆయన ఆయనలా ఉండడు. నెలాఖరు దాకా చూద్దాం అన్నాను.

ఆ నెలంతా ఇంట్లో మాకు నరకం. పని లేని సర్వరు కంటే ప్రమాదకరమైన మనిషి లోకంలో ఉండడు. భోజనానికి కూర్చుంటే వెనకాల వచ్చి నిలబడేవాడు. ఒక గుక్క నీళ్లు తాగితే చాలు, జగ్గు వంచి గ్లాసు నింపేవాడు. నేను రాత్రంతా లేచి తిరగాల్సి వచ్చేది. చెంచా పక్కన పెడితే కంచం తీసేసేవాడు. ఒకరోజు ముక్కు తుడుచుకుందామని చెంచా కింద పెట్టాను, చూసేసరికి అన్నం లేదు.

"ఈ పూట స్పెషలేంటంటే..." అని మొదలుపెట్టేవాడు.

"బంగాళాదుంప కూర. నేనే వండాను. నాకు తెలుసు" అనేదాన్ని.

మా అత్తయ్యకి మాత్రం పండగ్గా ఉండేది. "పెంచి పెద్ద చేసినందుకు ఇన్నాళ్లకి, ఏం తింటావమ్మా అని అడిగాడు నా కొడుకు" అని మురిసిపోయేది. రోజూ కూర బాగాలేదని వెనక్కి పంపేది. వెనక్కి పంపితే వచ్చేది నా దగ్గరికే కదా.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. చేసినావిడ నాలుగో నంబరు టేబులు మేడమ్. అంటే ఏ హైస్కూల్లోనో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన పెద్దావిడ. ఒంటరి మనిషి. రోజూ ఒంటిగంటకి హోటలుకి వచ్చి, కిటికీ పక్కన నాలుగో నంబరు టేబులు దగ్గర కూర్చునేదట. ఇప్పుడు ఇంటికి పార్సిలు తెప్పించుకుంటోంది.

"నాయనా, అదే సూపు, అదే వంట మాస్టరు. కానీ డబ్బా మూత తీసి చూస్తే తినబుద్ధి కావట్లేదు. మూడు రోజులుగా సగం పారబోస్తున్నా. ఏం చేయమంటావు?"

ఆవిడ గొంతులో బింకం ఉంది గానీ, ఆ బింకం వెనకాల ఏముందో నాక్కూడా వినపడింది. మా ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. "మేడమ్, వీడియో కాల్ పెట్టండి. ఐదు నిమిషాల్లో వస్తా" అన్నాడు.

ఇక చూడాలి హడావుడి. తెల్ల చొక్కా తొడిగాడు, నల్ల టై కట్టాడు, మోచేతి మీద తువ్వాలు వేసుకున్నాడు. కింద మాత్రం మోకాళ్ల దగ్గర చిరిగిన పైజామా. ఫోన్ని పప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టి, దానికెదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నమస్కారం మేడమ్. రండి, కూర్చోండి. కిటికీ తెరవమంటారా?"

ఆవిడ లేచి వెళ్లి వాళ్లింటి కిటికీ తనే తెరుచుకుంది.

"సూపు డబ్బాలో ఉంచకండి మేడమ్, మంచి గిన్నెలో పోసుకోండి. కుడి చేతి పక్క చెంచా. ఆ. ఇప్పుడు కొంచెం మిరియాల పొడి. చాలనిపించినప్పుడు చెప్పండి."

ఆవిడ మిరియాల పొడి తనే చల్లుకుంటూ, "చాలు చాలు" అని మా ఆయనకి చెప్పింది. ఆయన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన చేతిలో ఏమీ లేదు. నేను తలుపు చాటున నిలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఆవిడ తింటోంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. మధ్యలో ఒక్కసారి ముందుకొచ్చి, "మేడమ్, గ్లాసు సగానికొచ్చింది" అన్నాడు. ఆవిడ జగ్గు అందుకుని నీళ్లు పోసుకుని, "థాంక్స్ నాయనా" అంది. గిన్నె ఖాళీ అయింది. అప్పుడు మా ఆయన, టైతో పాటు హోటలు నుంచి ఇంటికి తెచ్చుకున్న నల్ల ఫోల్డరు అలవాటు ప్రకారం తెరిచి, ఫోనుకి ఎదురుగా పట్టుకుని, తల మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. అదేనండీ, నియమం. ఆవిడ కాల్ పెట్టేసేదాకా అలాగే గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ ఊరుకుందా? తెలిసిన వాళ్లకల్లా చెప్పింది. వారం తిరిగేసరికి మా ఆయనకి పదకొండు మంది కస్టమర్లు. ఒంటిగంటకి మేడమ్. ఒకటిన్నరకి ఏడో నంబరు టేబులు భార్యాభర్తలు; వాళ్లు హోటల్లో కూడా పోట్లాడుకునేవారట, ఇప్పుడు పోట్లాట మధ్యలో "నువ్వే చెప్పవయ్యా, తప్పెవరిది?" అని ఫోను వైపు తిరిగేవారు. ఆయన వెంటనే "చివర్లో కాఫీ తీసుకుంటారా సార్?" అనేవాడు. రాత్రి ఎనిమిదికి ఒక బ్యాంకు మేనేజరు. ఆయనకి ఎవరో ఒకరు వెనక్కి కుర్చీ లాగితే గానీ కూర్చునే అలవాటు లేదు. మా ఆయన మా ఇంటి కుర్చీ లాగి చప్పుడు వినిపిస్తే, ఆయన వాళ్లింటి కుర్చీలో కూర్చునేవాడు.

నా వంటిల్లు కాస్తా హోటలైపోయింది. వెనకాల గోడకి తెల్ల దుప్పటి మేకులు కొట్టి వేలాడదీశాడు. నేను పోపు పెడితే, "ష్, ఎనిమిదో నంబరు వాళ్లు తింటున్నారు" అనేవాడు. ఒకరోజు మా అత్తయ్య తల దువ్వుకుంటూ ఫోను ముందునుంచి నడిచి వెళ్లింది. "ఆవిడ ఎవరు?" అని అడిగాడట బ్యాంకు మేనేజరు. "మా కొత్త మేనేజరు సార్" అన్నాడు మా ఆయన. ఆ రోజునుంచి అత్తయ్య మధ్యమధ్యలో తల లోపలికి పెట్టి, "అంతా బాగుందా?" అని కస్టమర్లని పలకరించేది.

ఇదంతా బాగానే ఉంది. నాకు కావలసిన సంగతి ఒక్కటే. పదిహేను రోజులు చూసి, పదహారో రోజున అడిగాను.

"ఏమండీ, వీళ్లు టిప్పు ఇస్తున్నారా?"

"ఇస్తున్నారనే అనుకుంటా."

"అనుకోవడమేమిటి? చూసుకోలేదా?"

"చూడకూడదే. కస్టమరు వెళ్లాక చూడాలి."

"వెళ్లారు కదా!"

"గుమ్మం దాటినట్టు కనపడలేదు కదా. మర్చిపోయా" అన్నాడు.

ఈ మనిషితో ఎలా వేగానో నాకే తెలియదు. ఫోను లాక్కుని చూశాను. ఒక్క పైసా పడలేదు. పదకొండు మంది పిసినారులా అనుకుని, వాళ్లందర్నీ వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టాను. తిడుతూ తిడుతూ బల్ల మీదున్న నల్ల ఫోల్డరు తీసి విసిరేయబోయాను. అది తెరుచుకుంది. లోపల పెద్ద స్టిక్కరు. ఫోనుతో స్కాను చేసి డబ్బు పంపే స్టిక్కరు. కింద హోటలు పేరు.

మా అత్తయ్య చెప్పుకుంటుంది, నా పెళ్లయ్యాక ఇంట్లో నిశ్శబ్దం విన్నది ఆ ఒక్క నిమిషమేనని.

పదిహేను రోజులుగా మా ఆయన, ఇంటి కరెంటూ ఇంటి ఫోనూ నా వంటిల్లూ వాడుకుని పొద్దస్తమానం వడ్డించి, చివర్లో ఓనరు ఖాతా స్టిక్కరు అందరికీ చక్కగా కనపడేలా పట్టుకుని, తను మాత్రం మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడన్నమాట! కొరివితో తల గోక్కోవడమంటే విన్నాను. ఈయన కొరివిని ఫోల్డర్లో పెట్టి అందించాడు.

"ఇప్పుడే వెళ్లండి. ఓనరుని అడగండి. మన డబ్బు ఇమ్మనండి. జీతం సంగతి కూడా తేల్చుకుని రండి."

"ఎలా అడగాలే?"

"నోటితో అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు."

"నేను పెట్టాను" అంది అత్తయ్య, వెంటనే.

వెళ్లేముందు ఆయన చేత అద్దం ముందు పదిసార్లు అనిపించాను: సార్, నా టిప్పులు నాకిప్పించండి, సార్, నా జీతం పూర్తిగా ఇవ్వండి. పదోసారికి గొంతు కాస్త నిలబడింది. మాస్కు పెట్టుకుని బయల్దేరాడు. మూడు గంటల తర్వాత తిరిగొచ్చాడు, చొక్కా నిండా ఎర్ర రంగు మరకలతో.

కొట్టుకున్నారేమోనని పరిగెత్తుకెళ్లి చొక్కా పట్టుకున్నాను. తీరా చూస్తే అది పెయింటు.

"ఏమైంది?"

"నేను వెళ్లేసరికి ఆయన ఫోను పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడే. 'చూశావటయ్యా, ఈ కష్టకాలంలో జనం నన్నెలా ఆదుకుంటున్నారో! రోజూ ఎవరో ఒకరు నా ఖాతాలో డబ్బు వేస్తున్నారు. అడగకుండానే! లోకంలో మంచితనం చావలేదయ్యా' అన్నాడు. అది చూసి నాక్కూడా ఏడుపొచ్చింది."

"ఏడ్చి?"

"ఆ డబ్బుతో బోర్డుకి కొత్త రంగు వేయిస్తున్నాడు. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి లేడంటే..."

"పట్టుకున్నారు."

"పట్టుకున్నా."

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. మా విషయంలో సొమ్ము పోగొట్టుకున్నవాడే సోకు చేసుకునేవాడి నిచ్చెన కూడా పట్టుకున్నాడు. నేను ఆ రాత్రి కోపంతో రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు ఒంటిగంటకి మేడమ్ కాల్ వచ్చింది. ఆయన యథాప్రకారం టై కట్టి నిలబడ్డాడు. స్టిక్కరు సంగతి చెప్పండని నేను పక్కనుంచి సైగలు చేస్తున్నాను. ఆయన నా వైపే చూడట్లేదు. భోజనం అయింది. ఫోల్డరు తెరిచాడు, తల తిప్పుకున్నాడు. ఇక నావల్ల కాలేదు. చేతిలో గరిటెతోనే ఫోను ముందుకి దూకాను.

"మేడమ్, నేనీయన భార్యని. దయచేసి అది స్కాను చేయకండి. మీరందరూ వేసే టిప్పు ఈయనకి రావట్లేదు. ఓనరుకి వెళ్తోంది. దాంతో ఆయన బోర్డుకి రంగు వేయించుకున్నాడు. ఈయనకి వచ్చేది పావు జీతం. ఇదే నడిస్తే సోమవారం నుంచి ఈయన గోడౌన్‌లో పెట్టెలు సర్దడానికి వెళ్తాడు. మీ గ్లాసు సగానికొచ్చిందని చెప్పడానికి ఎవరూ ఉండరు!"

మా ఆయన మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు. మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. ముప్పై ఏళ్లు పిల్లల చేత నిజాలు కక్కించిన కళ్లవి.

"ఆ ఓనరు నంబరు ఇవ్వమ్మా" అంది.

సాయంత్రానికల్లా ఓనరు దగ్గరినుంచి ఫోను వచ్చింది. నేను స్పీకర్లో పెట్టించాను. ఓనరు గొంతులో కోపం లేదు, అంతకన్నా పెద్ద అపాయం ఉంది: ఉత్సాహం.

"ఏమయ్యా, ఇంత మంచి ఆలోచన నాకు చెప్పకుండా దాచావే! ఇకనుంచి ఈ ఫోను వడ్డన హోటలు తరఫునే. ఫోల్డరు హోటలుది, స్టిక్కరు హోటలుది, టై కూడా హోటలుదే కదా. వచ్చే టిప్పు అంతా ఒకచోట వేద్దాం. అందులో సగం హోటలుకి. పావు, గ్యాసుకీ మాస్టరుకీ. మిగిలింది నీకే."

"మిగిలేదెంత సార్?" అన్నాడు మా ఆయన.

"పావు" అన్నాడు ఓనరు.

పంతొమ్మిదేళ్లు తిరిగి తిరిగి మళ్లీ అదే పావు. మా ఆయన ఫోను పెట్టేసి, టై విప్పి, మడత పెట్టి నా చేతికిచ్చాడు. "మీ అన్నయ్యకి చెప్పు, సోమవారం వస్తానని" అన్నాడు.

నేను కోరుకున్నది అదే. అన్నయ్యకి ఫోను చేసి చెప్పాను. చెప్పాక వంటింట్లోకి వెళితే, గోడ మీద ఆ తెల్ల దుప్పటి ఇంకా వేలాడుతోంది. దాన్ని తీయడానికి నాకు చేతులు రాలేదు. నాకు చాలా బాధేసింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మా ఆయన నోటివెంట "మేడమ్, గ్లాసు సగానికొచ్చింది" అన్న మాట వింటుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఓనరు మాత్రం వెనక్కి తగ్గే రకం కాదు. వడ్డించడమెంతసేపు అనుకుని, శుక్ర, శనివారాలు తనే టై కట్టి కస్టమర్లకి కాల్ చేశాడు. ఆ వైభవం మాకు కస్టమర్లే ఫోన్లు చేసి చెప్పారు. బ్యాంకు మేనేజరు కూర్చునేలోగానే "తినడం అయిందా సార్?" అన్నాడట. ఏడో నంబరు భార్యాభర్తలు తప్పెవరిదని అడిగితే, ఆలోచించి, "ఆవిడదే" అని తీర్పు చెప్పాడట. ఆవిడ ఆ క్షణమే ఫోను పెట్టేసి, హోటలు నుంచి ఇక పార్సిలు కూడా తెప్పించనంది. మేడమ్ దగ్గరైతే ఇంకా ఘోరం. ఆవిడ సూపు తాగుతుంటే ఓనరు అటువైపు కూర్చుని, తను కూడా ఒక చేప వేపుడు తింటున్నాడట. సర్వరు కస్టమరు ముందు తినడం! ఈ మాట విన్నప్పుడు మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయనకి కోపం రావడం నేను మొదటిసారి చూశాను. డబ్బు పోయినా రాని కోపం, చేప వేపుడు దగ్గర వచ్చింది.

"ఫోను ముందా? తిన్నాడా?" అని రెండుసార్లు అడిగాడు.

శనివారం రాత్రికి పదకొండు మందిలో తొమ్మిది మంది, పార్సిళ్లు కూడా మానేస్తామని ఓనరుకి చెప్పేశారు. ఆ తొమ్మిది మందే రోజూ రెండు పూటలా తెప్పించుకునేవాళ్లు. వాళ్లు లేకపోతే వంట మాస్టరుకి పొయ్యి వెలిగించే పనే ఉండదు.

ఆదివారం మేడమ్ కబురు పెట్టింది. రేపటినుంచి ఎలాగూ రావు కదా, చివరిసారి ఒక్క భోజనం వడ్డించిపొమ్మంది. ఆయన టై కట్టుకున్నాడు. ఈసారి పైజామా కాకుండా నల్ల ప్యాంటే వేసుకున్నాడు. కిందిది కనపడదండీ అన్నాను. "నాకు కనపడుతుంది" అన్నాడు.

సూపు అయ్యి, రెండో వంటకం మొదలుపెడుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే ఓనరు. మాస్కు గడ్డం కిందికి జారిపోయింది, మెట్లెక్కిన ఆయాసం. నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఏమయ్యా..." అన్నాడు.

మా ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం కొంచెం పైకెత్తాడు, హోటలు నిండా జనం ఉన్నప్పుడు గుమ్మంలో నిలబడ్డ కొత్తవాళ్లకి ఎత్తినట్టు. "ఒక్క ఐదు నిమిషాలు సార్. కస్టమరు ఉన్నారు" అన్నాడు.

ఓనరు నిలబడ్డాడు. ఐదు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు. మేడమ్ ఆ రోజు చాలా నెమ్మదిగా తిన్నది. మా అత్తయ్య తల లోపలికి పెట్టి, "అంతా బాగుందా?" అని ఓనర్నే అడిగి వెళ్లిపోయింది. నేను కుర్చీ వేయలేదు. కావాలనే వేయలేదు.

చివరికి ఉండబట్టలేక ఓనరే గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "చూడవయ్యా, అయిందేదో అయింది. టిప్పులన్నీ లెక్క చూసి ఇచ్చేస్తా. ఇకమీదట టిప్పు నీది, నేను ముట్టను. జీతం కూడా పావూ ముప్పావూ కాదు, పూర్తిగా నేనే ఇస్తా. ఎంత కావాలో నువ్వే చెప్పు."

చెప్పు అని అడిగాడు, ఇక చెప్పాల్సింది ఈయనే. నాకు నాలుక చివర అంకె దురదపెడుతోంది. కానీ ఈ ఒక్కటీ నేను చెప్పకూడదు. పళ్లతో నాలుక కరిచిపెట్టుకున్నాను. మా ఆయన టై సర్దుకున్నాడు. తువ్వాలు ఈ చేతి మీదనుంచి ఆ చేతి మీదికి మార్చాడు. నేలకేసి చూశాడు. ఇక ఇంతే, "మీ ఇష్టం సార్" అంటాడు, అయిపోతుంది అనుకున్నాను.

అనలేదు. తలెత్తి ఓనరు కళ్లలోకి చూసి, ఒక అంకె చెప్పాడు. మా అన్నయ్య గోడౌన్‌లో ఎంతిస్తామన్నారో సరిగ్గా అంతే, చిల్లిగవ్వ ఎక్కువ లేదు. అయినా చెప్పాడు. పంతొమ్మిదేళ్లకి నోరు తెరిచి అడిగాడు. నా కళ్లు చెమర్చాయి.

ఓనరు మొహం వెలిగిపోయింది. అంతకు రెట్టింపు అడుగుతాడని భయపడి వచ్చినట్టున్నాడు. "సరే" అనడానికి నోరు తెరిచాడు.

పప్పు డబ్బా దగ్గరనుంచి చెంచా కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"తక్కువ చెప్పావు నాయనా" అంది మేడమ్. "మళ్లీ చెప్పు."

మా ఆయన ఫోను వైపు తిరిగి, ఆర్డరు రాసుకునేటప్పుడు వంగినట్టు కొంచెం ముందుకి వంగాడు. కస్టమరు అడిగితే లేదనడం ఆయనకి చేతకాదు. "అలాగే మేడమ్" అని, ఓనరు వైపు తిరిగి మళ్లీ చెప్పాడు. ఈసారి నేను కూడా ఉలిక్కిపడ్డాను.